ఆర్మర్డ్ కేబుల్ ఎంపిక: ఒక లేఖ



1979లో నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం తొలి యూనిట్ పని మొదలుపెట్టిన, బెజవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలో ఇప్పుడు డాబాల మీద కూడా కరెంటు పుడుతోంది. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల ఇంటి ప్లాంటుకు 78,000 రూపాయల సబ్సిడీ లభిస్తుంది. సోలార్ పలకల ఎంపికలో ఎంతో శ్రద్ధ చూపే ఇంటివారు కేబుల్ విషయానికి వచ్చేసరికి ఆర్మర్డ్ అయితే చాలునని తేల్చేస్తారు, కాని అది సగమే నిజం. పై తొడుగు కింద చుట్టిన లోహపు తీగలనో పట్టీలనో ఆర్మర్ అంటారు; అది గునపం దెబ్బనుంచీ పందికొక్కు పళ్లనుంచీ కాపాడుతుంది గాని, ఎండకు పగిలే తొడుగునూ, కరెంటుకు చాలని సన్నని తీగనూ బాగుచేయలేదు.

పలకలనుంచి ఇన్వర్టరు దాకా నడిచేది డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు; ఏసీలా అది సెకనుకు వందసార్లు సున్నాకు రాదు కనుక, తొడుగు చెడి ఆర్క్ పుడితే దానంతటది ఆరడం కష్టం. అందువల్ల ఆ భాగానికి భారతీయ ప్రమాణం (ఐఎస్) 17293 ప్రకారం తయారైన, తగరపు పూత రాగి తీగతో 1500 వోల్టుల డీసీకి తగిన సోలార్ కేబులే వాడాలి. అది ఆర్మర్ లేనిదైనా పైపులో వేస్తే సరిపోతుంది. ఇన్వర్టరు దాటాక వచ్చే ఏసీ కేబుల్ పెరటి నేలలో, ముఖ్యంగా వేసవికి బీటలువారి వానకు ఉబ్బే నల్లరేగడిలో వెళ్లవలసి వస్తే, అక్కడ ఆర్మర్ తప్పనిసరి.

తొడుగుమీది అక్షరాలు చదవనిదే కేబుల్ కొనకూడదు. పీవీసీ ఇన్సులేషన్‌కు ఐఎస్ 1554, వేడిని మరింత తట్టుకునే ఎక్స్‌ఎల్‌పీఈ ఇన్సులేషన్‌కు ఐఎస్ 7098 వర్తిస్తాయి. ‘ఏ2ఎక్స్‌ఎఫ్‌వై’లో ఏ అల్యూమినియం కండక్టరును, 2ఎక్స్ ఎక్స్‌ఎల్‌పీఈని, ఎఫ్ ఉక్కు పట్టీ ఆర్మరును, వై పీవీసీ పై తొడుగును సూచిస్తాయి, మొదట ఏ లేకపోతే కండక్టరు రాగిదని అర్థం. ఒకే కోరు, అంటే ఇన్సులేషన్ చుట్టిన ఒకే కండక్టరు, ఉన్న ఏసీ కేబుల్‌కు మాత్రం ఉక్కు ఆర్మర్ పనికిరాదు, ఎందుకంటే క్షణక్షణం దిశ మారే కరెంటు అయస్కాంత క్షేత్రం ఆ ఉక్కును వేడెక్కిస్తుంది. ఫేజు, న్యూట్రల్ ఒకే కేబుల్‌లో ఉంటే రెండు క్షేత్రాలూ పరస్పరం రద్దవుతాయి కనుక, సింగిల్ ఫేజ్ ఇంటికి రెండు కోర్ల కేబుల్ క్షేమం.

కేబుల్ ఎంత కరెంటు మోయగలదో చెప్పే పట్టికలు గాలి వేడిమి 40 డిగ్రీలన్న లెక్కతో ఉంటాయి. రేకుల కింద అది 50 డిగ్రీలకు చేరితే, 70 డిగ్రీల పీవీసీ కేబుల్ సామర్థ్యం సుమారు 82 శాతానికి, 90 డిగ్రీల ఎక్స్‌ఎల్‌పీఈ సామర్థ్యం సుమారు 89 శాతానికి పడిపోతాయి. బెజవాడ వేసవిని ఎరిగినవారు ఈ తగ్గింపును పట్టించుకోకుండా సైజు నిర్ణయించడం క్షమించరానిది.

అన్నిటికంటె ఎక్కువ నిర్లక్ష్యం గ్లాండు దగ్గర జరుగుతుంది. గ్లాండు అంటే కేబుల్ పెట్టెలోకి దిగేచోట ఆర్మరును పట్టి బిగించే లోహపు అమరిక. దాన్ని వదిలేసి ఆర్మరును కత్తిరించి టేపు చుడితే, లోపల ఇన్సులేషన్ చెడిననాడు ఆ ఉక్కే కరెంటుతో నిండి ముట్టుకున్నవారి ప్రాణం తీయగలదు. కనుక ఆర్మరును రెండు చివరలా గ్లాండుతో ఎర్తుకు కలపాలి, అయినా దానిమీదే ఆధారపడక వేరుగా ఎర్తు తీగ కూడా లాగాలి. కందకం 75 సెంటీమీటర్ల లోతున తవ్వి, ఇసుక పరిచి, కేబుల్ మీద మళ్లీ ఇసుక పోసి ఇటుకలు పేర్చాలి. మట్టి కప్పేముందే మెగ్గరుతో ఇన్సులేషన్ పరీక్షించి, వచ్చిన అంకెను ఇంటివారి కాగితాల్లో రాసిపెట్టాలి.