ముక్కుదూలం వంకర

ముక్కుకు రెండు రంధ్రాలు. ఆ రెంటికీ మధ్య ఒక అడ్డుగోడ ఉంది. దానినే ముక్కుదూలం అంటారు. దాని ముందు భాగం చెవి డొప్పలాగా మెత్తగా వంగుతుంది. వెనుక భాగం గట్టి ఎముక.

ఈ గోడ కొందరికి పుట్టుకతోనే వంకరగా ఉంటుంది. కొందరికి దెబ్బ తగిలి వంకర పోతుంది. కొద్దిపాటి వంకర చాలామందికి ఉంటుంది. బాధ లేకపోతే వైద్యం అక్కర్లేదు.

వంకర ఎక్కువైతే ఊపిరి సరిగా ఆడదు. నోటితో గాలి పీల్చాలి. రాత్రి నోరు ఎండిపోతుంది. గురక వస్తుంది. నిద్ర చాలదు.

చేజర్లలో వరినాట్లు వేసే ఆడమనిషికి ఈ బాధ ఉందనుకోండి. పొద్దున లేచేసరికే ఒళ్లు బరువు. చేలో వంగి నాటు వేస్తుంటే ఆయాసం. ఇంటికొస్తే పొయ్యి పొగ. ముక్కు ఇంకా దిబ్బడ వేస్తుంది. "ఎప్పుడూ ఉండే పడిశమేలే" అని ఆమె ఊరుకుంటుంది. ఇంట్లోవాళ్లూ అదే మాట అంటారు. ఏళ్లు గడిచిపోతాయి.

ఊరుకోకూడదు. ముందు ఆత్మకూరు ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు డాక్టర్లు ఉంటారు. దిబ్బడ ఎలర్జీ వల్లనా, దూలం వంకర వల్లనా అని వారు పరీక్ష చేస్తారు. మందులతో తగ్గకపోతే ఆపరేషన్ చేస్తారు. కోత ముక్కు లోపలే ఉంటుంది. మామూలుగా ముఖం మీద మచ్చ పడదు.

ఆపరేషన్ వల్ల మేలు ఉందా? బ్రిటన్‌లో 17 ఆసుపత్రులలో 378 మందితో ఈ సంగతి పరీక్షించారు. ఫలితం 2023లో అచ్చయింది. కొందరికి ఆపరేషన్ చేశారు. కొందరికి ముక్కులో కొట్టే మందులు ఇచ్చారు. ఆరు నెలల తర్వాత ఇద్దరినీ 22 ప్రశ్నలు అడిగారు. దిబ్బడ ఉందా? నిద్ర పడుతోందా? అలసట ఉందా? బాధ ఎంత ఉంటే అన్ని మార్కులు. మొత్తం 110. మందులు వాడినవారికి సగటున 40 దాకా వచ్చాయి. ఆపరేషన్ అయినవారికి 20 మాత్రమే. అంటే వారి బాధ సగమే.

కానీ సుఖం మరునాడే రాదు. ముందు కొన్నాళ్లు లోపల వాపు ఉంటుంది. ముక్కు ఇంకా మూసుకున్నట్టే ఉంటుంది. భయపడవద్దు. వాపు కొన్ని వారాలలో తగ్గుతుంది. పూర్తిగా మానడానికి కొన్ని నెలలు పడుతుంది. ఎలర్జీ ఉంటే దానికి మందు వాడుతూనే ఉండాలి.

మొదటి రెండు వారాలు జాగ్రత్త:

• ముక్కు గట్టిగా చీదకూడదు.
• తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి.
• నీళ్ల బిందెలు, కట్టెల మోపులు ఎత్తకూడదు.
• పొయ్యి పొగకు దూరంగా ఉండాలి.
• తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి.
• రక్తం ఆగకపోయినా, జ్వరం వచ్చినా, నొప్పి పెరిగినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

ఈ రెండు వారాలూ వంట ఎవరు చేయాలి? నీళ్లు ఎవరు తేవాలి? మగవాడికి ఆపరేషన్ అయితే ఇంటిల్లిపాదీ మంచం దగ్గరే ఉంటారు. ఆడమనిషి మాత్రం మూడోనాడే పొయ్యి దగ్గర ఉంటుంది. డాక్టరు పని సగమే. మిగతా సగం ఇంట్లోవాళ్లది.

ఆలోచించండి, చెప్పండి:

1. ముక్కుదూలం ఎందుకు వంకర పోతుంది?
2. ఆపరేషన్ తర్వాత ఏ పనులు చేయకూడదు?
3. మీ ఇంట్లో ఆ పనులు ఎవరు చేస్తారు?