అమ్మ ముద్ద ఎందుకు తగ్గింది?

ప్రశ్న: మా అమ్మకు 71 ఏళ్లు. నల్లగొండ నుంచి తెల్లాపూర్‌లోని మా ఫ్లాట్‌కు వచ్చి ఏడాదైంది. కట్టుడు పళ్లు వదులయ్యాయని తీసి పక్కన పెట్టేసింది. జొన్నరొట్టె మానేసింది. కింద పార్కులో తోటివాళ్ల దగ్గరికీ వెళ్లడం లేదు. వయసు ప్రభావమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: వయసు మీదికి నెట్టేయకండమ్మా. వృద్ధుల నోటి ఆరోగ్యం అంచనా వేయడానికి 1990లో అమెరికాలో రూపొందించిన 12 ప్రశ్నల్లో నమలడం, మింగడంతో పాటు, పళ్ల వల్ల నలుగురిలోకి వెళ్లడం తగ్గించారా అన్నదీ ఉంది. మీ ఉత్తరంలో నాకు ఎక్కువ దిగులు కలిగించింది ఆ పార్కు మాటే.

పళ్లు పోయాక దవడ ఎముక ఏళ్ల తరబడి అరుగుతూనే ఉంటుంది. అందుకే ఒకప్పుడు సరిగ్గా కూర్చున్న సెట్టు ఇప్పుడు కదులుతోంది. చాలాసార్లు కొత్తది అక్కర్లేదు, లోపలివైపు కొత్త పొర వేస్తే బిగువు వస్తుంది. దీన్ని రీలైనింగ్ అంటారు. ఖర్చు భారమైతే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఆవిడ వాడే మందుల చీటీ కూడా తీసుకెళ్లండి. కొన్ని మందులు లాలాజలాన్ని తగ్గిస్తాయి, నోరెండితే సెట్టు నిలవదు. చిగురు మీద పుండు రెండు వారాల్లో మానకపోతే వెంటనే చూపించండి. సెట్టు సరయ్యేదాకా మెత్తటి పప్పు, గుడ్డు, పెరుగు పెట్టండి. జావ ఒక్కటే సరిపోదు.