కట్లు విప్పు పని
(పాఠ్యభాగము: యోహాను 11:38-44)

లాజరును బ్రదికించినవాడు ప్రభువే. అయినను అతని కట్లు విప్పు పనిని ఆయన చుట్టు నిలిచినవారికి అప్పగించెను. హెరాయిన్‌కు బానిసలైనవారిని తలంచునప్పుడు ఈ సంగతి మనము మరువరాదు.

నల్లమందులోని మార్ఫిను నుండి చేయబడు ఈ పదార్థమును 1898లో జర్మనీ దేశపు బేయరు కంపెనీ దగ్గుమందుగా అమ్మెను. ఔషధమని వచ్చినదే ఉరియాయెను! శరీరము దానికి అలవాటుపడిన పిమ్మట, అది దొరకనియెడల వణకు, వాంతులు, ఎముకలు పిండునట్టి నొప్పి కలుగును. మోతాదు మించినచో ఊపిరి ఆగును. బర్మా సరిహద్దుననున్న మణిపురములో, ఒకే సూదిని పలువురు వాడుటవలన, 1990 ప్రాంతమున ఎయిడ్సు క్రిమి యువకులలో వేగముగా పాకెను. వారిలో క్రైస్తవ సంఘముల బిడ్డలును ఉండిరి.

ఇట్టివానిని గదిలో పెట్టి తాళము వేసి, ఉపవాసప్రార్థన చేసిన చాలునని కొందరు పెద్దలందురు. ప్రార్థన చేయుదము, తాళము వద్దు. కొన్ని వారములు మానినవానికి ఆ విషమును ఓర్చు శక్తి తగ్గును. మరల పాత మోతాదు తీసికొనినచో ప్రాణమే పోవచ్చును. ప్రభుత్వ కేంద్రములలో బూప్రెనార్ఫిన్ అను మాత్రను నాలుకక్రింద ఉంచి ఇచ్చుచున్నారు. ఒక మత్తు పోయి మరియొక మత్తు వచ్చెనని దానిని నిందింపకుడి. ఆ మాత్రతో ఎందరో మరల పనికి పోయి బిడ్డలకు అన్నము పెట్టుచున్నారు.

మన సంఘములో అట్టి బిడ్డగల తల్లిదండ్రులు సిగ్గుచేత దాచవద్దు. చీకటిపడిన తరువాతనైనను పాస్టరుగారింటి తలుపు తట్టుడి. ఆసుపత్రికి మేము తోడు వచ్చెదము.