ఇల్లు సర్దుకొను విద్య

“ఇల్లు చూచి ఇల్లాలిని చూడు” మని మనలో నొక సామెత కలదు. సామెత మంచిదే గాని, భారమంతయు నిల్లాలి మీదనే మోపుట న్యాయము కాదు. ఇంట నుండువారందఱును వస్తువులను వాడుదురు. తీసిన వస్తువును తీసినచోట పెట్టవలసిన బాధ్యతయు నందఱిదియే. కావున నీ వ్యాసమును తల్లులకే గాక తండ్రులకును, ముఖ్యముగా మా విద్యార్థులకును వ్రాయుచున్నాము.

దసరా సమీపించినంతనే వరంగల్లు, హనుమకొండ, కాజీపేటలలో నింటింటను బూజులు దులుపుదురు; గోడలకు సున్నము వేయుదురు; గిన్నెలు తోమి బోర్లింతురు. ఇది శుభ్రత. కాని దులిపిన పెట్టెను మరల నా మూలనే పెట్టి, దానిపై విఱిగిన కుర్చీని, కుర్చీపై పాత వార్తాపత్రికలను పేర్చినచో నిల్లు శుభ్రపడినదే గాని, అమరలేదు. శుభ్రత కంటికి కనబడును. అమరిక అవసరము వచ్చిన గడియయందు తెలియును.

మన నగరము చెఱువుల నగరము. అతివృష్టి కలిగినపుడు లోతట్టు వాడలలోనికి నీరు వచ్చుటయు మనకు క్రొత్త గాదు. 2020 ఆగస్టులోను, 2023 జూలైలోను అట్లే జరిగినది. 2023లో భద్రకాళి చెఱువు కట్టకు గండియు పడెను. ఆ వరదలో మేమెఱిగిన యొక కుటుంబమువారి యనుభవమును చెప్పెదము.

నీరు గడప దాటినపుడు ఇంటి యజమాని మొదట వెదకినవి తన తల్లి మధుమేహపు మందులు. పిదప పిల్లల మెమోలును, ఇంటి దస్తావేజును గల రేకుపెట్టె. మందులెచ్చట నున్నవో యొక్కరికిని తెలియదు. పెట్టె మంచము క్రింద, పాడైన కూలరు వెనుక, గోనెసంచుల యడుగున నున్నది. దానిని లాగుచుండగానే నీరు మోకాలివఱకు వచ్చెను. పెట్టెను విడిచి, ముసలమ్మను నెత్తుకొని వారు వెడలిపోయిరి. నీరు తీసిన పిదప మెమోలకును దస్తావేజునకును నకళ్లు తెచ్చుకొనగలిగిరి గాని, పెట్టెలో నున్న తాతగారి యొకే యొక ఛాయాచిత్రము మాత్రము మరకలు పడి రూపు చెడినది. “నిరుడే ఆ కూలరు అమ్మెయ్యుమంటి గద కొడుకా!” అని ఆ తల్లి యన్నమాట మేము మఱువలేదు.

ఆ వీధిలోనే మఱియొక యింట కాగితములును మందులును ఒకే సంచిలో, తలుపు ప్రక్క కొయ్యకు వ్రేలాడుచుండెను. వారు సంచిని భుజమునకు తగిలించుకొని పై యంతస్తు మెట్లెక్కిరి. రెండు కుటుంబములును సంపదయందు సమానములే; భేదమంతయు నా కొయ్యయందే యున్నది.

ఆ కొయ్య మన పెద్దలెఱిగినదే. పూర్వపు పెంకుటిండ్లలో చేతిసంచికి చిలుకకొయ్య, బట్టలకు దండెము, దీపమునకు గోడగూడు, పిల్లికందకుండ పాలు పెరుగులకు ఉట్టి, ఏడాదికొకమాఱు దింపు సామగ్రికి అటక యుండెడివి. కుండల దొంతిలో పెద్దది అడుగునను, చిన్నది పైనను నుండును. అరుదుగా వలసినది అడుగున, తఱచుగా వలసినది పైన నుంచెడివారు. నేడు వస్తువులు చౌకయైనవి, చోటు ప్రియమైనది. అందుచే నేర్పు మఱింత కావలెను.

మొదటి నియమము: ఒకనాడొక చోటనే సర్దవలెను. ఇల్లంతయు నొకమాఱుగా తిరుగవేయువాడు సాయంకాలమునకు విసిగి, అన్నిటిని మరల నొక్కచోట కుక్కును. ఒక అలమారనో, ఒక పెట్టెనో యెంచుకొని, అందున్నదంతయు బయట పెట్టవలెను.

రెండవది: బయట పెట్టినవానిని ఉంచవలసినవి, ఇచ్చివేయవలసినవి, పాఱవేయవలసినవి అని మూడుగా విభజింపవలెను. “ఎప్పటికైన పనికివచ్చు నేమో” యను ప్రశ్నకు ముగింపు లేదు. “పోయిన దసరా నుండి దీనిని వాడితిమా?” యని యడుగుడు, జవాబు వెంటనే వచ్చును. మీకు చాలని చొక్కా మఱియొక బాలునకు పండుగ బట్ట కాగలదు. అయితే చినిగినదానిని దానమనరాదు.

మూడవది: ఇతరుల వస్తువును వారి ననుమతి లేక పాఱవేయరాదు. అవ్వ దాచిన పాత కాగితము మీకు చెత్త కావచ్చును. ఆమె కది జ్ఞాపకము. పాత వ్రాతల విషయమున మఱింత జాగ్రత్త వలయును. పందొమ్మిదవ శతాబ్దమున బ్రౌనుదొర తాళపత్ర ప్రతులను సేకరించి, పండితులచేత శుద్ధప్రతులు వ్రాయించెను గనుక మన కావ్యములనేకము నిలిచినవి. మీ యింట చదువువారు లేని పుస్తకములున్నచో గ్రంథాలయమువారి నడుగుడు. 1904లో హనుమకొండయందు స్థాపింపబడిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము మనకు దగ్గఱనే కలదు.

నాలుగవది: పాఱవేయుటకును పద్ధతి కలదు. 2012 అక్టోబరులో మన నగరపాలక సంస్థవారు పరిశుభ్ర నగరముల పోటీని జరిపి, తడిచెత్తను పొడిచెత్తను వేఱుచేయుట ఇంటింటను నేర్పిరి. ఆ పాఠమును మఱువరాదు. పగిలిన గాజును కాగితమున చుట్టి విడిగా నీయుడు. దానిని తీయునది యొక మనుష్యుని చేయి. పాత టైర్లు, కొబ్బరిచిప్పలు పెరట నుంచరాదు. వానలో నిలిచిన నీటియందు డెంగీ దోమ గ్రుడ్డు నుండి వారము పదిదినములలో నెగురు దోమయగును. ఆ గ్రుడ్లు ఎండిన పాత్రకు నంటుకొని నెలల తరబడి బ్రదుకును గనుక కూలరు తొట్టిని వారమున కొకమాఱు తోమవలెను.

ఐదవది: ఉంచుకొన్నవానికి చోటు నిర్ణయింపుడు. నిత్యము వాడునవి చేతికందునంత యెత్తున నుండవలెను. బరువైనవి క్రిందనే యైనను, పలకపై నేల కెడముగా నుండవలెను. గోడకును వానికిని నడుమ చీపురు దూరు సందున్నచో తేళ్లకును ఎలుకలకును తావుండదు. ఫినాయిలు, పురుగుమందులు పిల్లల కందనిచోట నుంచి తాళము వేయవలెను. త్రాగు సీసాలలో నెన్నడును పోయరాదు. మందులును ముఖ్యమైన కాగితములును తలుపు ప్రక్క నొక సంచిలో, పిల్లల కందనంత యెత్తున నుండవలెను; ఆ చోటు ఇంట నందఱికిని తెలియవలెను.

విద్యార్థులారా! ఇల్లంతయు మీరు సర్దనక్కఱలేదు. మీ పుస్తకముల గూటితో నారంభింపుడు. దీపము పెట్టు వేళ పది నిమిషములు ఇంటిల్లిపాదియు తమతమ వస్తువులను చోట పెట్టినచో, దసరాకు మిగులునది బూజు దులుపుటయే. ఈ రాత్రి దీపమార్పి, మీ యవ్వ మందు సంచిని చీకటిలో తాకి చూడుడు. చేయి తిన్నగా దానిపై పడినచో మీ యిల్లు అమరినదని తెలిసికొనుడు.