జపాను యాత్ర – సలహాదారుని పని

తెలియని చోటికి పోవువారు దారి తెలిసినవారిని ఆశ్రయించుట మనకు క్రొత్త కాదు. కాశీలో పండా, హజ్జులో ముఅల్లిమ్ చేయు పని అదియే. జపాను సంస్కృతిని చూడగోరువారికి నేడు యాత్రా సలహాదారు కలడు. రైలు టిక్కెట్టు, హోటలు గది మనమే కుదుర్చుకొనగలము. వాటికై అతనికి రుసుము చెల్లించుట వృథాయని మా అభిప్రాయము. అతని అవసరము వేరొక చోట ఉన్నది.

క్యోటోలోని సైహోజి ఆలయమునే తీసికొందము. సుమారు నూట ఇరువది రకముల నాచు పరచుకొన్న ఉద్యానమది. 1977 నుండి ముందుగా దరఖాస్తు పెట్టుకొన్నవారికే అందు ప్రవేశము. లోనికి పోయినవారు సాధారణముగా మొదట బౌద్ధసూత్రమును కుంచెతో దిద్ది, పిమ్మట తోట చూతురు. ఒక మధ్యతరగతి కుటుంబము ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతో అంత దూరము పోయినను, అనుమతి లేనిచో గుమ్మము కడనుండి మరలవలసినదే.

నారా నగరపు సంగతి మరింత ఆసక్తికరము. 752లో అచటి తోదైజి ఆలయమున మహాబుద్ధ విగ్రహమునకు కన్నులు దిద్దినవాడు భారతదేశమునుండి వెళ్ళిన భిక్షువు బోధిసేనుడు. ఆ కుంచె నేటికిని షోసోయిన్ భాండాగారమున భద్రముగా నున్నది. పారసీక దేశపు గాజుపాత్రయు అందే కలదు. ఏటేటా అక్టోబరు చివరినుండి సుమారు రెండు వారములు మాత్రమే అందలి కొన్ని వస్తువులను నారా జాతీయ మ్యూజియమున ప్రదర్శింతురు. ఏ యేట ఏ వస్తువు వచ్చునో ముందుగా విచారింపవలెను. సకురా పూలకై మార్చి నెలాఖరున పోయినవారికి ఈ ప్రదర్శన దక్కదు. రెండును ఒకే యాత్రలో కావలెనన్నవారితో "కుదరదు" అని చెప్పగలవాడే సలహాదారు. అన్నిటికి తలయూపువాడు టిక్కెట్ల వ్యాపారి.

ఐతే మన మనసులోని మాట అతనికెట్లు తెలియును? ముఖ్యముగా భోజనము. జపాను వంటలో కూరగాయల పులుసునందు సైతము తరచుగా ఎండుచేపల రసము కలియును. మిరిన్ అను తీయని బియ్యపు మద్యమును అనేక వంటకములలో పోయుదురు. శాకాహారియు ముస్లిమును ఈ మాట మొదటి నాడే చెప్పవలెను. హోటలు బల్ల ముందు కూర్చుండి, భాష రాక, సైగలతో చెప్పుట మిగుల కష్టము.

విద్యార్థులారా, ఇసే మందిరమును గూర్చియు అడుగుడు. ఇరువదేండ్లకొకసారి దానిని క్రొత్తగా నిర్మింతురు. 2013లో ఆ కార్యము జరిగినది. మరల 2033లో జరుగవలసియున్నది. నేడు మా తరగతిలో కూర్చున్నవారు అప్పటికి స్వార్జితముతో పోగలరు.