లూపును అసెంబ్లీ భాషలోనికి దించుట

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతపు పల్లెలలో జొన్నలు కొలుచు పెద్దలు మొదటి కొలతను ‘ఒకటి’ అనక ‘లాభం’ అని, పిమ్మట ‘రెండు’, ‘మూడు’ అని సాగుదురు. కొలుచుట, లెక్క చెప్పుట, రాశి మిగిలినదా అని చూచుట - ఈ మూడును మరల మరల జరుగును. కంప్యూటరు పరిభాషలో లూపు అనగా ఇదియే.

పాస్కల్, సి వంటి ఉన్నతస్థాయి భాషలలో దీనిని ‘ఫర్’, ‘వైల్’ అను మాటలతో వ్రాయుదుము. ప్రాసెసరు ఆ మాటలెరుగదు. కూడుట, తగ్గించుట, పోల్చుట, మరియొక చోటికి దుముకుట మాత్రమే దానికి తెలియును. (పనిని ఇట్లు మెట్లుగా విడగొట్టుటకు అల్గారిథమ్ అను పేరు 9వ శతాబ్దమున బాగ్దాదులో గణితగ్రంథములు రచించిన అల్-ఖ్వారిజ్మీ నుండి వచ్చినదని మన ఉర్దూ విద్యార్థులెరుగుదురు.)

ఇంటెల్ సంస్థ 1976లో వెలువరించిన 8085 ప్రాసెసరుపై 5 నుండి 1 వరకు అంకెలను కూడవలెననుకొందము.

ఎంవిఐ ఏ, 0
ఎంవిఐ బి, 5
మరల: ఏడిడి బి
డిసిఆర్ బి
జెఎన్‌జెడ్ మరల
హెచ్‌ఎల్‌టి

ఏ అను రిజిస్టరులో మొత్తము, బి లో మిగిలిన లెక్క ఉండును. డిసిఆర్ సూచన బి ని ఒకటి తగ్గించును; ఫలితము సున్న అయినచో సున్న జెండా లేచును. జెండా లేవనంత వరకు జెఎన్‌జెడ్ వెనుకకు పంపును. చివరకు ఏ లో 15 నిలుచును. ‘మరల’ అను గుర్తును పొరపాటున రెండవ వరుసపై ఉంచినచో బి ప్రతి మారును 5 అగును, లూపు ఎన్నటికిని ఆగదు.

ఇంతకంటె మోసకరమైనది మరియొకటి గలదు. 5 కు బదులు 0 ఇచ్చి చూడుడు. పాస్కల్ లోని ఫర్ లూపు ఒక్కసారియు తిరగదు, మొత్తము 0. మన అసెంబ్లీ ప్రోగ్రాము మాత్రము ముందు కూడి, పిదప తగ్గించును. 0 నుండి ఒకటి తగ్గగా ఎనిమిది బిట్లలో 255 వచ్చును. రాశియే లేని కళ్లములో 256 మార్లు కొలిచి, ఏ లో 128 చూపి ఆగును! 5 తో పరీక్షించి సరియని సంతోషించినవానికి ఈ తప్పు కనబడదు.

కావున రెండవ వరుస తరువాత ‘సిఎంపి బి’, ‘జెజెడ్ ముగింపు’ అని చేర్చి, హెచ్‌ఎల్‌టి వద్ద ‘ముగింపు’ గుర్తు పెట్టవలెను. రాశిని ముందు చూచి, పిదప కొలుచుట ఇదియే. అప్పటికిని 22 వరకే ఈ ప్రోగ్రాము నమ్మదగినది. 23 ఇచ్చినచో మొత్తము 276 అగును, ఏ లో 255 కు మించి పట్టదు.