విద్యుత్ బరమా: దాని రూపపరిణామము

వడ్రంగి బరమాను ఎరుగని గ్రామస్థులుండరు. విల్లువంటి కర్రకు కట్టిన త్రాటిని బరమాకు చుట్టి ముందు వెనుకలకు లాగినచో, మొన కొయ్యలో దిగి బెజ్జము పడును. ఈ పనినే విద్యుత్తుచే చేయు సాధనమును డ్రిల్లింగు మిషను అందురు. సికిందరాబాదు రాణీగంజి పనిముట్ల అంగళ్లకు పేరుపొందినది. అచ్చట గాని మరియొకచోట గాని చౌకగా దొరకునని పాత మిషను కొనదలచువారు దాని చరిత్రను కొంత తెలిసికొనుట మేలని మేము తలంచుచున్నాము. అందు ప్రాణరక్షణకు సంబంధించిన పాఠము కలదు.

1889లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున ఆర్నాట్, బ్రెయిన్ అనువారు విద్యుత్ డ్రిల్లునకు పేటెంటు పొందిరి. అది రాతిని, బొగ్గును తొలుచుటకు ఉద్దేశింపబడినది; చేత పట్టునది కాదు. 1895లో జర్మనీలోని స్టుట్‌గార్టున ఫైన్ సంస్థవారు చేతితో పట్టదగిన దానిని నిర్మించిరి. దానికి రెండు చేతుల బలమును కావలసియుండెను.

అమెరికాలోని బాల్టిమోరున బ్లాక్, డెక్కర్ అను ఇరువురు పిస్తోలు పిడివంటి పిడిని, వ్రేలితో నొక్కు మీటను అమర్చి, 1917లో పేటెంటు పొందిరి. వ్రేలు తీసినంతనే విద్యుత్తు ఆగుట ఇందలి గొప్ప మేలు. నేటికిని ఈ రూపమే నిలిచియున్నది. ఆ సంస్థయే 1961లో తీగ లేని బ్యాటరీ డ్రిల్లును వెలువరించెను.

పాత మిషన్ల తొడుగు సాధారణముగా లోహముతో చేయబడెడిది. లోపలి తీగ పైపూత చెడినచో విద్యుత్తు తొడుగునకు ప్రాకి, పట్టినవాని ప్రాణమునకు ముప్పు తెచ్చును. అట్టి విద్యుత్తును భూమిలోనికి పంపుటకే మూడవ పిన్ను, ఎర్తు తీగ ఏర్పడినవి. పిదప ప్లాస్టిక్ తొడుగులును, రెండు పొరల రక్షణయును వచ్చినవి. చదరములో చదరమున్న గుర్తు ఈ రెండు పొరల రక్షణను తెలుపును; అట్టి మిషనునకు ఎర్తు తీగ అవసరము లేదు.

కావున పంచాయతీ సభ్యులు గమనింపవలసినవి ఇవి: లోహపు తొడుగు గల పాత మిషనును ఎలక్ట్రీషియనుచే పరీక్షింపజేయక వాడనీయరాదు. మూడవ పిన్నును ఎన్నడును విరువరాదు. తడి నేలపై నిలిచి పనిచేయరాదు. పంచాయతీ భవనమునందును, పాఠశాలయందును ఎర్తు సరిగా ఉన్నదో లేదో విచారించి, విద్యుత్తు లీకైనంతనే సరఫరాను ఆపు పరికరమును అమర్పించుట మీ బాధ్యత. బెజ్జము వేయుటకు క్షణము చాలును. ఈ పరీక్షకు మరికొంత సమయము పట్టినను, పనివాని కుటుంబమునకు అదియే రక్ష.